తిట్టుకు కట్టిన వెల

డబ్బిచ్చి తిట్టించుకునేవాళ్లు ఉంటారా? ఉంటారు. వరసలో నిలబడి, పోటీపడి, వేలంలో పాట పెంచి మరీ తిట్టించుకుంటారు. వీధి గోడల మీద బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్న, అసలు పేరు మాత్రం దాచుకున్న బ్రిటిష్ చిత్రకారుడు బాంక్సీ చేసిన ‘మోరన్స్’ అనే ముద్రాచిత్రం కథ అదే. అందులో ఉన్న ఊహ చిన్నది. ఒక వేలం శాల. వేదిక మీద వేలంపాటగాడు. ఎదురుగా కొనడానికి వచ్చిన జనం. పక్కన నగిషీ చట్రంలో ఒక కాన్వాసు. బొమ్మ ఉండాల్సిన చోట అక్షరాలున్నాయి. బుద్ధిలేని వాళ్లలారా, ఈ చెత్తను మీరు నిజంగానే కొంటున్నారంటే నమ్మలేకపోతున్నాను, అని వాటి భావం. మూలంలో ‘చెత్త’ కన్నా ఘాటైన మాటే ఉంది.

ఈ బొమ్మకు ఆధారం 1987 మార్చి 30న లండన్‌లో క్రిస్టీస్ సంస్థ జరిపిన వేలం. ఆ రోజు వాన్‌గో గీసిన ‘పొద్దుతిరుగుడు పూలు’ చిత్రాల్లో ఒకటి 2 కోట్ల 47 లక్షల 50 వేల పౌండ్లకు అమ్ముడుపోయింది. కొన్నది యసుదా అనే జపాన్ బీమా కంపెనీ. అప్పటిదాకా ఏ చిత్రానికీ వేలంలో అంత ధర రాలేదు. బాంక్సీ ఆ వేలం దృశ్యాన్ని తీసుకుని, పూలను తీసేసి తిట్టు పెట్టాడు. 2006లో లాస్ ఏంజెలెస్‌లో పెట్టిన ప్రదర్శనలో ఈ ముద్రాచిత్రాన్ని కొన్ని వందల డాలర్లకు అమ్మాడు. 2007 ఫిబ్రవరిలో అతని చిత్రాలు లండన్‌లోని సదబీస్ వేలంలో అనుకున్న దానికన్నా ఎంతో ఎక్కువ పలికాయి. వెంటనే తన వెబ్‌సైటులో ఇదే బొమ్మను పెట్టాడు. కొన్నవాళ్లు సిగ్గుపడలేదు. ముచ్చటపడ్డారు. 2021 నాటికి, 500 ప్రతులు వేసిన ఒక ముద్రణలో 325వ నంబరు ప్రతిని కొన్నవాళ్లు దానికి 95,000 డాలర్లు ఇచ్చారు.

ఈ కథ చెప్పి, ‘చూశారా, ఎంత గొప్ప వ్యంగ్యమో! మార్కెట్టును తిట్టి మార్కెట్టు చేతనే కొనిపించాడు’ అని మురిసిపోయేవాళ్లను సదస్సుల్లో చూస్తూనే ఉన్నాను. వాళ్లలో చాలామంది నేను గౌరవించే విమర్శకులు. కొనేవాళ్లు పెరిగేకొద్దీ తిట్టు నిజమవుతుందని వాళ్ల వాదన. వినడానికి బాగుంటుంది. కానీ ఒక తిట్టు తగిలిందా లేదా అనేది తిట్టినవాడి తెలివిని బట్టి తేలదు. తగిలినవాడు ఏం పోగొట్టుకున్నాడో చూస్తే తేలుతుంది. ఇక్కడ ఎవరు ఏం పోగొట్టుకున్నారు? అమ్మినవాడికి లాభం. కొన్నవాడికి లాభం. వేలం సంస్థకు కమీషన్. నవ్వుకున్న మనకు కాస్త తెలివైనవాళ్లమన్న తృప్తి. ఇందరికి మేలు చేసే తిట్టును తిట్టు అనాలా?

మన సాహిత్యం చదువుకున్నవాళ్లు దీనికి కొత్త పేరు వెతుక్కోనక్కర్లేదు. దీన్ని నిందాస్తుతి అంటాం. రామదాసు ఏ నగకు ఎన్ని మొహరీలు పట్టాయో లెక్క చెప్పి రాముణ్ణి నిలదీస్తాడు. కాసుల పురుషోత్తమ కవి ‘ఆంధ్రనాయక శతకం’లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును పద్యం తర్వాత పద్యంలో దెప్పిపొడుస్తాడు. దేవుడికి కోపం రాదని తిట్టే భక్తుడికి తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. తిట్టే చనువుందంటేనే దగ్గరివాడని అర్థం. తిట్టు ఎంత గట్టిదైతే దేవుడు అంత పెద్దవాడవుతాడు. గుడి గోడకు ఒక్క ఇటుక కూడా వదులు కాదు.

‘మోరన్స్’ మార్కెట్టు అనే దేవుడికి పాడిన నిందాస్తుతి. కొన్నవాడు ఆ బొమ్మను ఇంట్లో వేలాడదీసినప్పుడు, ‘నన్ను తిట్టినా నవ్వుకోగల పెద్దమనసు నాది’ అని అతిథులకు చెప్పుకుంటున్నాడు. ఆ పెద్దమనసు కోసమే అంత డబ్బు పోస్తున్నాడు. పోలికను ఇంతకన్నా లాగితే మాత్రం రామదాసుకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆయన నింద వెనక చెరసాల ఉంది. బాంక్సీ నింద వెనక ధ్రువపత్రం ఉంది.

ఈ ధ్రువపత్రం సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే బొమ్మ వెల అందులోనే ఉంది. బాంక్సీ తరఫున ‘పెస్ట్ కంట్రోల్’ అనే కార్యాలయం ఒకటి పనిచేస్తుంది. ఎలుకల్నీ పురుగుల్నీ వదిలించే పని పేరు అది. ఆ పేరు కూడా వ్యంగ్యమే. ఏ ముద్రాచిత్రం అసలుదో, ఏది నకిలీదో ఆ కార్యాలయం తేల్చి కాగితం ఇస్తుంది. ఆ కాగితానికి సగం చింపిన పది పౌండ్ల దొంగనోటు జతచేస్తారు. అది రాణి బొమ్మ స్థానంలో డయానా ముఖం పెట్టి బాంక్సీయే అచ్చువేసిన నోటు. కాగితం లేని ప్రతిని పెద్ద వేలం సంస్థలు ముట్టుకోవు. వీధి గోడల మీది బొమ్మలకు మాత్రం ఆ కార్యాలయం కాగితం ఇవ్వదు. గోడలు పగలగొట్టి అమ్ముకోకుండా ఉండటానికి ఆ నియమం అంటారు. మంచిదే. కానీ ఫలితం చూడండి. దారిన పోయేవాళ్లు ఉచితంగా చూసే బొమ్మకు పత్రం ఉండదు. నంబరు వేసి, సంతకం చేసి, చట్రం బిగించుకోవడానికి వీలైన కాగితానికి ఉంటుంది. ‘వీధి కళ’ అన్న మాటలో ‘వీధి’ పరిమళంగా మిగిలింది. సరుకు మాత్రం పాత పద్ధతిలోనే, పరిమితమైన ప్రతులు, సంతకం, పత్రం అనే మూడు కాళ్ల పీట మీద కూర్చుంది.

2021 మార్చిలో ఆ 325వ ప్రతిని కొన్నది క్రిప్టో వ్యాపారంలో ఉన్న ఒక కంపెనీకి చెందినవాళ్లు. న్యూయార్క్‌లో కెమెరా ముందు దాన్ని తగలబెట్టారు. తర్వాత దాని డిజిటల్ రూపాన్ని సుమారు 3,80,000 డాలర్లకు అమ్మారు. అంటే బూడిదకు నాలుగు రెట్లు. అంతకు ముందు 2018 అక్టోబరులో బాంక్సీ చిత్రం ‘గర్ల్ విత్ బెలూన్’ సదబీస్ వేలంలో సుత్తి దెబ్బ పడిన మరుక్షణం, చట్రంలో దాచిన యంత్రంలోకి జారి సగం ముక్కలైంది. ఆ రోజు ధర 10 లక్షల 42 వేల పౌండ్లు. మూడేళ్ల తర్వాత, 2021 అక్టోబరులో, ఆ సగం చిరిగిన బొమ్మకు 1 కోటి 85 లక్షల 82 వేల పౌండ్లు వచ్చాయి. తిట్టినా పెరిగింది. చింపినా పెరిగింది. కాల్చినా పెరిగింది. ఇలాంటి చోట ధిక్కారం అన్న మాట వాడేముందు ఒకసారి ఆగాలి.

‘మార్కెట్టు అన్నింటినీ మింగేస్తుంది, అందుకు కళాకారుడు ఏం చేస్తాడు?’ అనే నిట్టూర్పు దీని తర్వాత వస్తుంది. ఆ నిట్టూర్పు మీదే నాకు ఎక్కువ కోపం. మార్కెట్టు అన్నింటినీ ఒకే ఆకలితో మింగదు. కొన్నింటిని ఇష్టంగా నములుతుంది, కొన్నింటిని పళ్లెం అంచుకు నెట్టేస్తుంది. ఏది ఎందుకు రుచిస్తుందో అడగడం స్త్రీవాద విమర్శ పని. ‘మోరన్స్’ ఎందుకు రుచించింది? అది ఎవరి పేరూ చెప్పదు కాబట్టి. అందరినీ తిడుతుంది కాబట్టి ఎవరినీ తిట్టదు. కొన్నవాళ్లందరూ మూర్ఖులే అంటే, ఎవరు ఎవరి చిత్రాలు కొంటున్నారు, ఎవరివి కొనడం లేదు, ఆ డబ్బు ఎక్కడిది, ఆ నిర్ణయాలు చేసే గదిలో ఎవరున్నారు అనే ప్రశ్నలు అడగాల్సిన పనే లేదు. మూర్ఖత్వానికి కులం, వర్గం, జెండర్ ఉండవు కదా!

నిజంగా ఉండవా? ఆ మాట చరిత్రే వేరే చెబుతోంది. ‘మోరన్’ వీధిలో పుట్టిన తిట్టు కాదు. 1910లో హెన్రీ గాడర్డ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త గ్రీకు మాట నుంచి తయారుచేసిన పరిభాష. పరీక్షలు పెట్టి, మానసిక వయసు ఎనిమిది నుంచి పన్నెండేళ్లని తేల్చిన పెద్దవాళ్లకు అతికించడానికి చేసిన చీటీ. ఆ చీటీ ఎవరి నుదుటికి అంటుకుందో చూడండి. వర్జీనియాలో క్యారీ బక్ అనే పేద అమ్మాయి, తనను పెంచుకున్న ఇంటివాళ్ల బంధువు చేసిన అత్యాచారంతో గర్భవతి అయింది. ఇంటి పరువు కాపాడుకోవడానికి వాళ్లు ఆమెకు బుద్ధిమాంద్యం ఉందని ముద్ర వేయించి ప్రభుత్వ సంస్థలో పడేశారు. అక్కడ ఆమెను ‘మోరన్’ తరగతిలో చేర్చారు. ఆమెకు సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయవచ్చని అమెరికా సుప్రీంకోర్టు 1927లో తీర్పు చెప్పింది. అదే ఏడాది చేశారు కూడా. ఆమె బడిలో బాగా చదివిన పిల్లేనని తర్వాతి పరిశోధకులు తేల్చారు.

బాంక్సీకి ఈ చరిత్ర గుర్తుందా అని నేను అడగడం లేదు. వాడుకలో మాటలు అరిగిపోతాయి, అది సహజం. నేనంటున్నది వేరు. ఒకప్పుడు ఒక పేద స్త్రీ గర్భసంచి మీద తీర్పైన మాట, ఇప్పుడు కోటీశ్వరుల గోడ మీద చమత్కారమైంది. ఆ మాట వల్ల నష్టపోగల వాళ్లెవరూ ఆ గదిలో లేరు. అందుకే అక్కడ అది హాయిగా ఉంది.

ఆ గదిలో లేని మరొక స్త్రీ గురించి చెప్పాలి. నా వాదనకు ఆమె ప్రాణం. బొమ్మలో చట్రం నుంచి బాంక్సీ తీసేసిన పొద్దుతిరుగుడు పూలకు అంత వెల ఎలా వచ్చింది? పిచ్చివాడు గీశాడు, మూర్ఖులు కొన్నారు అని చెబితే కథ సులువుగా అయిపోతుంది. కానీ 1890 జులైలో విన్సెంట్ వాన్‌గో చనిపోయినప్పుడు అతని బొమ్మలకు మార్కెట్టే లేదు. అతన్ని నమ్మిన తమ్ముడు తియో, వర్తకం తెలిసినవాడు, ఆరు నెలల్లో, 1891 జనవరిలో పోయాడు. తియో భార్య యోహన్నా, అందరూ పిలిచే పేరు యో. అప్పటికి ఆమెకు 28 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లు కూడా నిండలేదు. చంకలో ఏడాది బిడ్డ. ఇంటి నిండా ఎవరూ అడగని బొమ్మలు, కట్టల కొద్దీ ఉత్తరాలు.

బొమ్మలు వదిలించుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఆమె వదల్లేదు. నెదర్లాండ్స్‌లోని బుస్సుమ్ అనే ఊళ్లో ఇల్లు తీసుకుని, గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవాళ్లకు వండిపెట్టి బతికింది. అనువాదాలు చేసింది. ఏ బొమ్మ ఎప్పుడు ప్రదర్శనకు పంపాలో, ఏది అమ్మాలో, ఏది అమ్మకుండా అట్టిపెట్టుకోవాలో ఖాతా పుస్తకంలో రాసుకుంటూ ముప్పై ఏళ్లకు పైగా ఆ పని చేసింది. 1905లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో గదులు తానే అద్దెకు తీసుకుని 480కి పైగా బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. 1914లో విన్సెంట్ ఉత్తరాలను మూడు సంపుటాలుగా అచ్చువేయించింది. 1924లో ఒక ‘పొద్దుతిరుగుడు పూలు’ను లండన్ నేషనల్ గ్యాలరీకి అమ్మింది. 1925లో చనిపోయే దాకా ఆ ఉత్తరాలను ఇంగ్లీషులోకి అనువదిస్తూనే ఉంది. ఆమె మొదటి ప్రయత్నాల రోజుల్లో రోలాండ్ హోల్స్ట్ అనే చిత్రకారుడు, ఈవిడ బడిపిల్లలా వాగుతుందని ఒక ఉత్తరంలో ఎగతాళి చేశాడు. తర్వాత అతనే వాన్‌గో అభిమాని అయ్యాడు. హాన్స్ లైటెన్ రాసిన ఆమె సమగ్ర జీవిత చరిత్ర డచ్చిలో వచ్చింది 2019లో. అంటే ఆమె పోయిన 94 ఏళ్లకు.

ఇప్పుడు మళ్లీ ‘మోరన్స్’ను చూడండి. వెల అనేది కేవలం కొనేవాళ్ల పిచ్చి అని ఆ బొమ్మ చెబుతోంది. యో జీవితం మరో మాట చెబుతోంది. వెల వెనక శ్రమ ఉంది. భద్రపరచడం, దుమ్ము దులపడం, జాబితా రాయడం, ఉత్తరాలు వరస పెట్టడం, అనువదించడం, ఎవరినో బతిమాలడం, ఎవరికో కాదనడం. ఇవన్నీ మన ఇళ్లలో, మన గ్రంథాలయాల్లో, మన విభాగాల్లో ఆడవాళ్లు చేసే పనులే. లెక్కలోకి రానివే. బీమా కంపెనీ కట్టిన కోట్లను మాత్రమే చూసి వెల అంటే మూర్ఖత్వమని నవ్వితే, ఆ శ్రమ రెండోసారి చెరిగిపోతుంది. మొదట కళాచరిత్ర చెరిపింది, తర్వాత దాన్ని వెక్కిరించే వ్యంగ్యం చెరిపింది. ముద్రాచిత్రంలో వేలంపాటగాడు ఉన్నాడు, కొనేవాళ్లున్నారు, తిట్టేవాడి గొంతు ఉంది. నిలబెట్టిన మనిషి లేదు.

ఇంకోలా చేయవచ్చా? చేశారు. బాంక్సీ కన్నా ముందే చేశారు. 1984లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం సమకాలీన చిత్ర, శిల్పాల అంతర్జాతీయ ప్రదర్శన ఒకటి పెట్టింది. 160 మందికి పైగా కళాకారుల్లో స్త్రీలు 15 మందికి మించలేదు. ఆ కోపంలోంచి 1985లో గెరిల్లా గర్ల్స్ పుట్టారు. గొరిల్లా ముసుగులు వేసుకుని, చనిపోయిన స్త్రీ కళాకారుల పేర్లు పెట్టుకుని, రాత్రిపూట న్యూయార్క్ వీధుల్లో పోస్టర్లు అంటించారు. ఏ గ్యాలరీ ఎంతమంది స్త్రీల పనిని ప్రదర్శిస్తోందో గ్యాలరీల పేర్లతో సహా అచ్చువేశారు. మెట్రోపాలిటన్ మ్యూజియంలోకి రావాలంటే ఆడవాళ్లు బట్టలు విప్పాలా అని 1989లో అడిగారు. అక్కడి ఆధునిక విభాగాల్లో స్త్రీ కళాకారులు 5 శాతం కన్నా తక్కువ, నగ్న చిత్రాల్లో మాత్రం 85 శాతం స్త్రీలవే అని లెక్క చూపించారు.

అదే 1989లో వాళ్లు వేసిన మరొక పోస్టరు నేరుగా వెల గురించే. జాస్పర్ జాన్స్ చిత్రం ఒక్కదానికి పెట్టిన 1 కోటి 77 లక్షల డాలర్లతో ఎంతమంది స్త్రీల, శ్వేతేతర కళాకారుల పనులు తలా ఒకటి కొనవచ్చో చెప్పి, కింద 67 పేర్లు అచ్చువేశారు. ఆర్టెమీసియా జెంటిలెస్కీ, కేథే కోల్విట్జ్, ఫ్రీడా కాలో, ఎడ్మోనియా లూయిస్, ఆల్మా థామస్, ఇంకా ఎందరో. జాతి, లింగ వివక్షల ఫ్యాషన్ పోయిన రోజున మీ సేకరణ విలువ ఎంతుంటుంది అని కొనేవాడిని అడిగారు. గమనించండి, ఇది కూడా వేలంపాట మీద వ్యంగ్యమే. ఇది కూడా వీధిలో అంటించిన కాగితమే. ఇక్కడా రాసినవాళ్లు పేరు దాచుకున్నారు. కానీ ఇది మూర్ఖుడా అని అనలేదు. నీ ఖాతా పుస్తకం తెరువు అంది. తిట్టును నవ్వి భరించవచ్చు. లెక్కకు జవాబు చెప్పాలి.

అజ్ఞాతం కూడా రెండు చోట్లా ఒకటి కాదు. బాంక్సీ అజ్ఞాతం క్రమంగా వ్యాపార చిహ్నమైంది. ఆ మనిషెవరో తెలియకపోవడమే సరుకులో సగం ఆకర్షణ. గెరిల్లా గర్ల్స్ ముసుగు వేసుకున్నది తమ బతుకుతెరువు పోకుండా. ఏ గ్యాలరీని ఎండగడుతున్నారో రేపు అక్కడికే తమ బొమ్మలు పట్టుకుని వెళ్లాలి. పైగా ముసుగు వెనక నిలబడి చచ్చిపోయిన స్త్రీల పేర్లను బతికించారు. పేరుకు వెల ఉన్నప్పుడు ఎవరు ఏ పేరు తొడుక్కుంటారన్నది మనకు కొత్త సంగతి కాదు. 1960, 70 దశకాల్లో తెలుగు వారపత్రికల్లో నవలా రచయిత్రులకు గిరాకీ వచ్చినప్పుడు మగవాళ్లు ఆడపేర్లతో రాశారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ‘పురాణం సీత’ పేరుతో రాసిన ‘ఇల్లాలి ముచ్చట్లు’ను మన ఇళ్లలో ఎంత ఇష్టంగా చదివారో మీకు తెలుసు. ఇల్లాలి గొంతుకు పాఠకులున్నారు. ఆ గొంతు ఇల్లాలిదే కానక్కర్లేదు.

వ్యంగ్యం ఎక్కడిదాకా చెల్లుతుందో నాకూ అనుభవమే. కొన్నేళ్ల కిందట ఒక సాహిత్య పత్రిక నన్ను వ్యంగ్య వ్యాసం అడిగింది. ఏడాదిపాటు నాకు అందిన సభల ఆహ్వాన పత్రాలన్నీ దగ్గర పెట్టుకున్నాను. అధ్యక్షులెవరు, కీలకోపన్యాసం ఎవరిది, ప్రార్థనా గీతానికీ జ్యోతి ప్రజ్వలనకూ వందన సమర్పణకూ ఎవరిని పిలిచారు, సంస్థల వారీగా పట్టిక వేసి, దాని మీద వ్యాసం రాశాను. సంపాదకుడు ఫోన్ చేశారు. “అమ్మా, వ్యంగ్యం బాగా పండింది. ఆ పట్టిక తీసేయండి. సంస్థల పేర్లు కూడా వద్దు. అప్పుడు అందరూ హాయిగా నవ్వుకుంటారు” అన్నారు. పట్టిక లేకపోతే నవ్వడానికి ఏముందండీ అన్నాను. వ్యాసం అచ్చు కాలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. ఏ వ్యంగ్యానికి చోటుందో, దేనికి లేదో తెలిసిన మనిషి. ‘మోరన్స్’ను ఆయన అట్ట మీద వేసేవారు.

‘గెరిల్లా గర్ల్స్ మాత్రం మ్యూజియాల్లోకి వెళ్లలేదా?’ అని అడుగుతారు. వెళ్లారు. వాళ్ల పోస్టర్ల సంపుటి లండన్‌లో టేట్ సేకరణలో ఉంది. కానీ ఆ పోస్టరును గోడకు పెట్టిన మ్యూజియం తన మీది అభియోగ పత్రాన్ని తానే వేలాడదీసుకుంటోంది. చూడ్డానికొచ్చిన ఏ అమ్మాయైనా పక్క గదుల్లోకి వెళ్లి లెక్కపెట్టి చూడవచ్చు. ‘మోరన్స్’ చూసినవాళ్లు లెక్కపెట్టడానికి ఏమీ లేదు, నవ్వి వెళ్లిపోవాలి. వెల మాట కూడా చెప్పుకోవాలి. వేలంలో ‘మోరన్స్’ పక్కన నిలబడగల ధర ఆ పోస్టర్లకు ఎప్పుడూ రాలేదు. నా దృష్టిలో అది వాటికి వచ్చిన యోగ్యతా పత్రం.

‘ఇప్పుడు పరిస్థితి మారింది, ఫ్రీడా కాలో కోట్లు పలుకుతోంది’ అని కూడా అంటారు. నిజమే. 2025 నవంబరులో న్యూయార్క్ సదబీస్‌లో ఆమె చిత్రం ‘కల (పడక)’ 5 కోట్ల 47 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. స్త్రీ గీసిన ఏ చిత్రానికీ వేలంలో అంత రాలేదు. 67 మంది పనులూ కలిపి కొనవచ్చని పోస్టరు చెప్పిన మొత్తానికి ఇది మూడు రెట్లు. కానీ అదే వారం, అదే సదబీస్‌లో, గుస్తావ్ క్లిమ్ట్ గీసిన ఎలిజబెత్ లెడరర్ చిత్రపటానికి 23 కోట్ల 64 లక్షల డాలర్లు వచ్చాయి. స్త్రీ గీసిన బొమ్మకు వచ్చిన అత్యధిక ధర కన్నా పురుషుడు గీసిన స్త్రీ బొమ్మకు నాలుగు రెట్లు ఎక్కువ. పైగా కాలో 1954లోనే పోయింది. ఆమె నొప్పి మీద లాభం తీసుకుంటున్నవాళ్లలో ఆమె లేదు. ఒక్క పేరును ఆకాశానికెత్తడం మిగతా 66 పేర్లకు జవాబు కాదు.

బాంక్సీ మీద నాకు పగ లేదు. మధ్యధరా సముద్రంలో శరణార్థుల్ని కాపాడే పడవకు 2020లో అతను డబ్బిచ్చాడు. ఆ పడవకు ‘లూయీజ్ మిషెల్’ అని ఒక విప్లవకారిణి పేరుంది. ఆ డబ్బు తిట్లు అమ్మగా వచ్చిందైతే కొన్నవాళ్లు ఆ మేరకు పనికొచ్చారు. మంచి పని మంచి పనే. కానీ దానితో ‘మోరన్స్’ ధిక్కారం అయిపోదు. నా తగువు ఆ బొమ్మను ధిక్కారానికి నమూనాగా క్లాసుల్లో చూపించే మనతోనే. దాన్ని చూసి పెరిగే పిల్లలు, వ్యవస్థను వెక్కిరించడం అంటే వ్యవస్థకు కాస్త ఎడంగా నిలబడి తెలివిగా పెదవి విరవడం అనుకుంటారు. ఆ పెదవి విరుపు స్త్రీవాదానికి అలవాటైన రోజున మన చేతిలోంచి జారిపోయేది మొట్టమొదట లెక్కే. ఎవరికి ఎంత జీతం, ఎవరి పుస్తకానికి ఎన్ని సమీక్షలు, ఎవరి పరిశోధనలో ఎవరి టైపింగు, ఎవరి అనువాదం, ఎవరి వంట, ఇవన్నీ అడగడం మొరటుగా కనిపిస్తుంది.

మొరటుగానే ఉందాం. వ్యంగ్యం రాసే స్నేహితులకు, వ్యంగ్యం మీద పరిశోధన చేయించే సహోద్యోగులకు నా మాట ఇది. అందరూ నవ్వితే అక్కడ ఆగకండి, ఎవరు నవ్వలేదో చూడండి. రాసినదాంట్లో పేరు ఉండాలి. తేదీ ఉండాలి. అంకె ఉండాలి. చట్రంలో కనిపించని మనిషి ఎవరో వెతకాలి. ఆ తర్వాత దాన్ని ఎవరైనా కొంటామంటే, సరే, వెల మాట్లాడదాం.